ఇంటి తినుడుకు పది గుంటల తోట

మన దిక్కు ఎవరన్నా దవాఖానల పడితే, చూడనీకె పోయేటోళ్లు ఆపిల్ పండ్లు పట్టుకపోతరు. ఆ పండు కాశ్మీర్ నుంచో హిమాచల్ నుంచో లారీల వస్తది, కోల్డ్ స్టోరేజీల నెలలకొద్ది ఉంటది, ఆఖరికి మన అంగడికి చేరుతది. అప్పుడే మన బాయికాడ జామపండ్లు రాలి మట్టిల కలుస్తుంటయ్. వంద గ్రాముల జామపండుల 200 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ఉంటది. ఆపిల్‌ల 10 కూడ ఉండది. అయినా జామకాయ పోరగాండ్ల తిండయింది, ఆపిల్ ఇజ్జత్ అయింది.

హైదరాబాద్‌ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు మనిషికి 100 గ్రాముల పండ్లు తినమంటది. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి 180 కిలోల పైనే అయితది. గిన్ని పండ్లు కొనే ఇండ్లు ఊర్లల్ల ఎన్నున్నయ్? తోటలున్నోళ్ల ఇండ్లల్ల గూడ అంతంతే. ఎందుకంటే, ఎకరాలకు ఎకరాలు ఒక్క బంగినపల్లే పెడ్తరు. పూత మీదనే గుత్తకిస్తరు. ఇగ కాపలా గుత్తదారుదే, కాయ ఆయనదే. సొంత తోటల పండు తెంపాలన్నా ఆయన్ను అడగాలె. ఏప్రిల్‌ల ఒక్క రాళ్లవాన పడితే మళ్లా ఏడు గుత్త రేటు కిందికి పోతది. ఒక్క పంట మీద బతికితే గట్లనే ఉంటది.

అమ్మే పంట బంద్ చెయ్యుమని ఎవరూ అంటలేరు. దాని పక్కపొంటి పది గుంటలు ఇంటి తినుడుకు ఇడువుర్రి. పది గుంటలంటే వెయ్యి చదరపు మీటర్లు. దాంట్ల నాలుగు మామిడి, మూడు జామ, నాలుగు సీతాఫలం, రెండు నిమ్మ, రెండు దానిమ్మ, రెండు ఉసిరి, సపోట, నేరేడు, పనస, రేగు ఒక్కోటి పడ్తయ్. మొత్తం 21 చెట్లు. మామిడి, నేరేడు, పనస అసుంటి పెద్ద చెట్లకు 8 మీటర్ల ఎడం, జామ, నిమ్మకు 6, సీతాఫలానికి 5 ఉండాలె. చెట్లు పెద్దగయ్యేదాక నడుమ జాగల అరటి, పొప్పడి పెట్టుకోవచ్చు. పొప్పడి తొమ్మిది, పది నెలలకే చేతికొస్తది.

గిట్ల కలిపి పెడితే తోట ఏ నెలల ఖాళీగ ఉండది. సంక్రాంతికి రేగుపండ్లు, చలికాలం పోతుంటే సపోట, ఎండాకాలం మామిడి, పనస, నిమ్మ. తొలకరికి నేరేడు. వానల్ల జామ, దానిమ్మ. బతుకమ్మ నుంచి దీపావళి దాక సీతాఫలం. కార్తీకంల ఉసిరి, చలి ముదిరితే మళ్లా జామ. రాళ్లవాన మామిడిని కొట్టినా సీతాఫలానికి ఏం కాదు, అప్పటికి దానికి కాయే ఉండది.

మామిడిల గూడ నాలుగూ ఒక్క తీరుయి పెట్టొద్దు. కోసుకొని తిననీకె బంగినపల్లి, జుర్రుకోనీకె పెద్దరసం, తొక్కుకు ఒక పుల్లటి రకం, ఆఖర్న పండనీకె నీలం పెడితే జూన్ దాటినంక గూడ ఇంట్ల పండు ఉంటది. చెట్టు మీద పక్వానికి వచ్చినంక తెంపి వరిగడ్డిల మాగేస్తే చాలు, కార్బైడ్ మందు భయం లేదు.

మొక్కలు పెట్టేటప్పుడు కొన్ని సంగతులు ఎరుకుండాలె. మామిడి టెంక పెడితే తల్లిచెట్టు కాయే వస్తదని నమ్మకం లేదు, కాపుకు ఏండ్లు పడ్తది. అంటు మొక్క అయితే మూడు, నాలుగేండ్లకే కాస్తది. అంటు కట్టినకాడ మట్టి కప్పొద్దు. దాని కింది నుంచి చిగురొస్తే తీసెయ్యాలె. లేకుంటే అంటు పోయి అడుగు చెట్టే పెరుగుతది.

ఉసిరి ఒక్క చెట్టు, ఒక్క రకం పెడితే పూత పూస్తది గని కాయ సక్కగ నిలువదు. అందుకే రెండు రకాలు పెట్టాలె. సీతాఫలం పువ్వు ఇంకో తీరు. ఒకే పువ్వుల ముందుగాల ఆడభాగం తయారైతది, పుప్పొడి తర్వాత రాల్తది. అందుకే ఇంకో పువ్వు పుప్పొడి కావాలె. దాన్ని చిన్న చిన్న పురుగులు మోస్తయ్. పూత మీద విషం మందు కొడితే ఆ పురుగులు చస్తయ్, కాయ తక్కువైతది.

పొప్పడి నాటు గింజలతోని పోస్తే మగ చెట్లు గూడ వస్తయ్. గుంతకు మూడు మొక్కలు పెట్టి, పూత చూసినంక మగయి తీసేసి, ఒకటో రెండో ఉంచుకోవాలె. మొదట్ల నీళ్లు నిలిస్తే ఏరు కుళ్లుతది. మామిడికేమో చలికాలం మొదట్ల నీళ్లు ఆపాలె. అప్పుడు తడి ఎక్కువైతే పూతకు బదులు ఆకు చిగురొస్తది.

"కోతులు ఉంచుతయా?" అని అడుగుతరు. అడిగేదాంట్ల తప్పు లేదు. గుట్టల మీద మర్రి, మేడి, తునికి తగ్గినకాడికి అవి ఊర్లమీద పడ్డయ్. పూర్తిగ ఆపే మందు ఎవరికాడ లేదు. అందుకే తోటను దూరం చెల్కల పెట్టకుర్రి. మనిషి అలికిడి ఉండే బాయికాడనో ఇంటెనుకనో పెట్టుర్రి. నిమ్మ జోలికి అవి ఎక్కువ పోవు, దాన్ని అంచుల పెట్టొచ్చు. సగం పోయినా మిగిలిన సగం ఇప్పుడు ఇంట్ల తినేదానికంటె ఎక్కువే.

పట్నంల కొలువు చేసే పిల్లగాండ్లకు గిది అయ్యే పనే. ఎండాకాలంల గుంతలు తీసి ఎండనియ్యాలె, పశువుల ఎరువు కలిపి నింపాలె, రెండు మంచి వానలు పడ్డంక నాటాలె. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పొద్దు. ఆ తర్వాత చెట్టు తన ఏరు తను చూసుకుంటది. ముసలోళ్లకు రెండడుగులల్ల పండు దొరుకుతది, పిల్లలకు చెట్టెక్కుడు వస్తది. పది గుంటలు అమ్మితే వచ్చే పైసలు ఒక్క పెండ్లికి, ఒక్క కారుకు ఒడుస్తయ్. మామిడి, నేరేడు, పనస అయితే మనుమల కాలం దాక కాస్తయ్.