షియా చెట్టు – దాని వెన్న



ఇప్పచెట్టును ఎరగనివారు మనలో అరుదు. భద్రాచలం, ఆదిలాబాదు అడవి పల్లెల్లో ఇప్పగింజల నూనెను వంటకూ, దీపానికీ వాడుకోవడం పాత అలవాటే. ఆ ఇప్పకు దగ్గరి చుట్టం ఒకటి ఆఫ్రికాలో ఉన్నది. దాని పేరు షియా. ఫ్రెంచి భాష నడిచేచోట కారితే అంటారు.

పడమట సెనెగల్ మొదలు తూర్పున ఉగాండా, ఇథియోపియాల దాకా, సహారా ఎడారికి దక్షిణాన ఉన్న మెట్టభూముల్లో ఇది పెరుగుతుంది. దీన్ని నాటేవారు తక్కువ. పొలం కొట్టేటప్పుడు తక్కిన చెట్లు నరికినా దీన్ని మాత్రం ఉంచి, దానిచుట్టూ జొన్న, సజ్జ వేసుకుంటారు. ఎందుకంటారా? మొలక కాపుకు రావాలంటే పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. కాపు పట్టిందంటే మాత్రం తరతరాలు కాస్తుంది.

పండ్లు రాలేది వానలు మొదలయ్యాక, గాదెలు అడుగంటే రోజుల్లో. గుజ్జు ఆకలి తీరుస్తుంది. గింజల పని ఆడవాళ్ళది. తెల్లవారకముందే వెళ్ళి ఏరుకొస్తారు. అసలు కిటుకు ఇక్కడున్నది. ఏరిన గింజను ఆలస్యం చేయకుండా ఉడకబెట్టాలి. తడినేలమీద ఉండిపోతే అది మొలకకు సిద్ధపడుతుంది. లోపలి కొవ్వు విరిగి ఆమ్లాలు పెరుగుతాయి, వెన్నకు ముక్కవాసన వస్తుంది. ఉడికితే ఆ మార్పు ఆగిపోతుంది. తరువాత ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పును వేయించి, మెత్తగా నూరి, నీళ్ళు చల్లుతూ చేతులతోనే చిలుకుతారు. మన మజ్జిగ చిలకడం వంటిదే గాని, కవ్వం లేదు. రెక్కలు పడిపోయే పని సుమా! తెల్లగా తేలిన ముద్దను కడిగి, కాచి, వడగడితే వెన్న. పప్పు బరువులో ఇంచుమించు సగం కొవ్వే అయినా, చేతిపనితో అంతా రాదు.

1796లో నైజర్ నది వైపు ప్రయాణించిన మంగో పార్క్ అనే స్కాట్లండు వైద్యుడు, ఇది ఉప్పు లేకుండానే ఏడాది నిలుస్తుందనీ, ఆవువెన్నకంటె రుచిగా ఉన్నదనీ వ్రాశాడు. అక్కడివారికి వంటనూనె ఇదే, పసిపిల్లల ఒంటికి రాసేదీ, పొడిగాలికి పగిలిన చర్మానికి మందూ ఇదే. సబ్బులకూ పనికివస్తుంది. విదేశాల్లో ముఖానికి పూసే క్రీముల్లోనూ, కోకో కొవ్వుకు బదులు చాక్లెట్లలోనూ కలుపుతారు. ఐరోపాలో నూటికి 5 పాళ్ళు మించకుండా కలపవచ్చునని 2000లో చట్టం చేశారు.

ఇంత గిరాకీ ఉన్నా చెట్టుకు రక్షణ లేదు. కట్టె గట్టిది, బొగ్గుకు మంచి ధర పలుకుతుంది. పొలాల్లో ట్రాక్టర్లకు అడ్డమని కూడా కొట్టేస్తున్నారు. 1998లోనే దీన్ని ముప్పున్న జాతుల పట్టికలో చేర్చారు. బొగ్గు అమ్మితే డబ్బు చేతికొచ్చేది చాలాచోట్ల మగవారికి; చెట్టు పోతే వెన్న రాబడి పోయేది ఆడవారికి.