కథ ఎవరిది? గేమ్ తీసినవారిదా, ఆడినవారిదా?

(గమనిక: 'మాస్ ఎఫెక్ట్', 'ది లాస్ట్ ఆఫ్ అస్' గేముల కథలోని ముఖ్య మలుపులు ఈ కథనంలో ఉన్నాయి.)

2012 వసంతంలో కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో ఉన్న బయోవేర్ అనే గేమ్ సంస్థకు సుమారు 400 కప్‌కేకులు వచ్చాయి. వాటిపై ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల క్రీమ్ ఉంది. లోపల మాత్రం అన్నిటికీ ఒకటే రుచి, వెనిల్లా. పంపినవారు ఆ సంస్థ అభిమానులే. అయితే అవి మెచ్చుకోలుగా పంపినవి కావు. అదొక నిరసన.

ఆ ఏడాది మార్చిలో విడుదలైన 'మాస్ ఎఫెక్ట్ 3' చివర్లో ఆటగాడి ముందు మూడు దారులు ఉంటాయి. ఏది ఎంచుకున్నా వెలుగు రంగు మారడం తప్ప, కనిపించే దృశ్యాలు దాదాపు ఒకటే. రంగులు వేరు, రుచి ఒకటే అన్న ఫిర్యాదును అభిమానులు కేకులతో చెప్పారు.

కథ నచ్చకపోతే విమర్శించడం కొత్త కాదు. మరి ముగింపునే మార్చాలని అడిగే హక్కు అభిమానికి ఉందా? కథాప్రధాన వీడియో గేములు పెరిగేకొద్దీ ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ ముందుకొస్తోంది.

ఐదేళ్ల ప్రయాణం, చివరి పది నిమిషాలు

'మాస్ ఎఫెక్ట్' మొదటి భాగం 2007లో, రెండోది 2010లో వచ్చాయి. కమాండర్ షెపర్డ్ అనే సైనికాధికారి పాత్రను ఆటగాడే నడిపిస్తాడు. ఎవరిని కాపాడాలి, ఎవరిని వదిలేయాలి, ఏ జాతితో చేతులు కలపాలి అన్నవి అతని నిర్ణయాలే. ఒక భాగంలో తీసుకున్న నిర్ణయాలు సేవ్ ఫైల్ ద్వారా తర్వాతి భాగానికి వెళ్తాయి. రెండో భాగం చివరి పోరులో ఒక సహచరుడు చనిపోతే, మూడో భాగంలో అతను నిజంగానే ఉండడు.

అందుకే ఇద్దరు స్నేహితులు ఒకే గేమ్ ఆడినా ఇద్దరి కథా ఒకటి కాదు. 'నా షెపర్డ్' అని మాట్లాడుకోవడం అభిమానులకు అలవాటైంది. విడుదలకు ముందు దర్శకుడు కేసీ హడ్సన్ కూడా ముగింపు ఏదో ఒకటి, రెండు, మూడు అన్నట్టు ఉండదనే అర్థం వచ్చేలా మాట్లాడారు. తీరా చూస్తే చివర్లో ఎదురైనవి సరిగ్గా మూడు దారులే.

కోపం పలు రూపాల్లో బయటపడింది. ఒక అభిమాని అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేశారు. ముగింపు మార్చాలని కోరినవారు పిల్లల ఆసుపత్రులకు సాయం చేసే 'చైల్డ్స్ ప్లే' సంస్థకు 80 వేల డాలర్లకు పైగా విరాళాలు పోగుచేశారు. చివరికి అదే ఏడాది జూన్‌లో బయోవేర్ విస్తరించిన ముగింపును ఉచితంగా విడుదల చేసింది.

అందులో మూడు దారులూ అలాగే ఉన్నాయి. ఎవరు ఏమయ్యారన్న వివరాలు, వీడ్కోలు దృశ్యాలు చేరాయి. మూడింటినీ తిరస్కరించే నాలుగో దారి కూడా కలిసింది. దాన్ని ఎంచుకుంటే యుద్ధంలో ఓటమే. 2013లో వచ్చిన 'సిటడెల్' అనే అదనపు అధ్యాయంలో సహచరులంతా ఒకచోట చేరి సరదాగా గడుపుతారు. చాలామంది అభిమానులు తమకు అసలైన వీడ్కోలు అదేనన్నారు. వారిలో చాలామంది కోరుకున్నది సుఖాంతం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. తమ నిర్ణయాలకు విలువ ఉందని కథ ఒప్పుకుంటే చాలనుకున్నారు.

కొమ్మలు మళ్లీ ఎందుకు కలుస్తాయి?

ప్రతి నిర్ణయానికీ వేరే ముగింపు ఇవ్వలేరా? లెక్క చూస్తే ఇబ్బంది తెలుస్తుంది. రెండేసి దారులున్న నిర్ణయాలు పది ఉంటే, వాటి కలయికలు 1,024. ఇరవై ఉంటే పది లక్షలు దాటుతాయి. ప్రతి కొమ్మకూ సంభాషణలు రాయాలి, నటుల గొంతు రికార్డు చేయాలి, యానిమేషన్ చేయాలి, తప్పులు పరీక్షించాలి. అంత కష్టపడి చేసిన దృశ్యాన్ని చాలామంది ఆటగాళ్లు చూడకపోవచ్చు కూడా.

అందుకే రచయితలు కొమ్మలను కొంతదూరం విడదీసి మళ్లీ ఒకే కాండానికి చేరుస్తారు. గ్రామం కాలిపోయిందా, మిగిలిందా అన్నది మారుతుంది. తర్వాత వెళ్లే నగరం మాత్రం అదే. మధ్యలో ఈ కిటుకు పనిచేస్తుంది, ఎందుకంటే ఫలితం ముందుముందు కనిపిస్తుందన్న ఆశ మిగిలే ఉంటుంది. చివరికొచ్చాక 'ముందుముందు' అనడానికి ఏమీ ఉండదు. దాచిన అతుకులన్నీ అక్కడే బయటపడతాయి.

మలుపే లేని దారిలో మరో రకం కోపం

2020 జూన్‌లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'ది భిన్నమైన సమస్య. అందులో ఆటగాడు కథను మార్చలేడు. 2013 నాటి మొదటి భాగంలో ఎలీ అనే అమ్మాయిని కాపాడటానికి జోయెల్ ఒక ఆసుపత్రిలో డాక్టర్‌ను చంపుతాడు. ఆ పని ఆటగాడి చేతే చేయిస్తుంది గేమ్. రెండో భాగం మొదట్లోనే ఆ డాక్టర్ కూతురు ఆబీ, జోయెల్‌ను చంపుతుంది. ఆ తర్వాత దాదాపు సగం గేమ్ ఆబీగా ఆడాలి.

సినిమాలో ప్రతినాయకుడి బాధను దూరం నుంచి చూస్తాం. ఇక్కడ ద్వేషించే మనిషిని మన చేతులతోనే నడిపించాలి, ఆమె ప్రాణాన్ని మనమే కాపాడాలి. పగ ఇరువైపులా ఒకేలా కాలుస్తుందని చెప్పడానికి దర్శకుడు నీల్ డ్రక్‌మన్ బృందం ఎంచుకున్న మార్గం ఇది. కొందరికి ఇది గేమ్ మాత్రమే చేయగల పని అనిపించింది. మరికొందరికి ఏళ్లుగా ప్రేమించిన పాత్రను అవమానించినట్టు అనిపించింది. ప్రచార ట్రైలర్‌లో వేరే పాత్ర ఉండాల్సిన చోట జోయెల్‌ను చూపించడం వారి కోపాన్ని ఇంకా పెంచింది.

మొదటి వారాంతంలోనే 40 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. మరోవైపు 20 గంటలకు పైగా పట్టే ఈ గేమ్‌కు విడుదలైన గంటల్లోనే వేలమంది అతి తక్కువ మార్కులు వేశారు. ఆ తర్వాత మెటాక్రిటిక్ సైట్, కొత్త గేములకు మొదటి 36 గంటలు వినియోగదారుల సమీక్షలు తీసుకోకూడదని నిబంధన పెట్టింది.

ఆబీకి గొంతు ఇచ్చిన నటి లారా బెయిలీకి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. కథ రాసింది ఆమె కాదు. పాత్ర మీది కోపం మనిషి మీదికి మళ్లితే దాన్ని విమర్శ అనలేం.

ఎవరికి ఏ హక్కు?

పాఠకుల ఒత్తిడి గేములతో మొదలవలేదు. 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపేసిన ఆర్థర్ కానన్ డాయిల్, 1903లో అతణ్ని తిరిగి బతికించాల్సి వచ్చింది. ప్రేక్షకుల అభిరుచిని ముందే ఊహించి ముగింపు మార్చడం తెలుగువారికీ తెలిసినదే. 2010లో గౌతమ్ మీనన్ ఒకే ప్రేమకథను రెండు భాషల్లో తీస్తే, తమిళంలో ప్రేమికులు విడిపోయారు, తెలుగు 'ఏ మాయ చేసావె'లో కలిశారు.

గేముల్లో తేడా ఏమిటంటే, ఇక్కడ కొనేది కథ ఒక్కటే కాదు, కథలో భాగస్వామ్యం కూడా. మన దేశంలో ఒక కొత్త ప్లేస్టేషన్ 5 గేమ్‌కు 5 వేల రూపాయల దాకా పెట్టే యువకుడు పదుల గంటలు కూడా పెడుతున్నాడు. అందుకే మూడు రకాల ఫిర్యాదులను విడదీసి చూడాలి.

మొదటిది, వస్తువు సరిగా పనిచేయకపోవడం. 2020 డిసెంబర్‌లో 'సైబర్‌పంక్ 2077'ను లోపాల కారణంగా సోనీ తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. ఇది నేరుగా వినియోగదారుడి హక్కు. రెండోది, ఇచ్చిన మాట తప్పడం. 'మాస్ ఎఫెక్ట్ 3' వివాదం ఎక్కువగా ఈ కోవలోకే వస్తుంది. మీ నిర్ణయాలే కథ అని అమ్మిన సంస్థను ఆ మాట గుర్తుచేసి నిలదీయడం న్యాయమే.

మూడోది, కథ తాను అనుకున్నట్టు సాగకపోవడం. జోయెల్ చావు ఇలాంటిదే. బాగా లేదని చెప్పవచ్చు, ఎందుకు బాగా లేదో వాదించవచ్చు, తర్వాతి భాగం కొనకుండా ఉండవచ్చు. కానీ జోయెల్ బతికే ఉంటాడని ఎవరూ మాట ఇవ్వలేదు.

ఈ మూడూ కలిసిపోతే నష్టం ఇరువైపులా ఉంటుంది. న్యాయమైన ఫిర్యాదును సంస్థలు అభిమానుల గోలగా కొట్టిపారేస్తాయి. అభిమానులకు భయపడే రచయితలు ఎవరినీ నొప్పించని కథలు రాయడం మొదలుపెడతారు. అప్పుడు గేమర్‌కు మిగిలేవి ఆ కప్‌కేకుల్లాంటి కథలే. రంగులెన్ని ఉన్నా రుచి ఒకటే.