మంచు మీద... పట్టూ విడుపూ!

నూజివీడు తోటల్లో మామిడి పూతకొచ్చే వేళకి అమెరికా కొండల మీద మంచు దట్టంగా పేరుకుంటుంది. ఇక్కడ తోటలో నిలబడి నాన్న వీడియోకాల్‌లో పూత చూపిస్తుంటే, అక్కణ్నుంచి కొడుకు 'శనివారం ఫ్రెండ్స్‌తో స్కీయింగ్‌కి వెళ్తున్నా నాన్నా' అంటాడు. 'కాళ్లు జాగ్రత్తరా' అని పక్కనుంచి అమ్మ కేక. ఆ భయం ఉత్తదేం కాదు. పడినప్పుడు కాలు విరుగుతుందా, బట్టలు దులుపుకుని లేస్తామా అన్నది చాలాసార్లు ఓ చిన్న పరికరాన్ని బట్టే ఉంటుంది. బూటుని స్కీకి పట్టి ఉంచే ఆ పరికరమే... బైండింగ్!

తొడిమ లాంటిదే!

మామిడికాయ తొడిమ ఎలా ఉండాలి? చిన్న గాలికే రాలిపోకూడదు. అలాగని ఎంత లాగినా రాకపోతే కొమ్మే విరుగుతుంది. బైండింగ్ పనీ అంతే. మలుపు తిరిగేటప్పుడు బూటుని గట్టిగా పట్టుకోవాలి. పడిపోయి స్కీ మెలి తిరిగితే వెంటనే వదిలేయాలి. వదలకపోతే అంత పొడవు స్కీ గడకర్రలా పనిచేసి ఎముకని తిప్పేస్తుంది. ముందే వదిలేస్తే ఏటవాలులో ఒంటికాలి మీద జారాల్సిందే.

ఒకప్పుడు బూట్లని స్కీలకి పట్టీలతో బిగించేసేవారు. అమెరికాలో స్థిరపడ్డ నార్వే క్రీడాకారుడు హ్యాల్మర్ వామ్ 1937లో కాలు విరిగి ఆసుపత్రి పాలయ్యాడు. పడితే దానంతటదే ఊడిపోయే బైండింగ్ ఆలోచన ఆయనకి అక్కడే వచ్చింది. అలాంటివి వాడుకలోకి వచ్చి మెరుగుపడ్డాక కాలి ఎముకలు విరగడం బాగా తగ్గింది. మోకాలి లిగమెంట్లకి మాత్రం ఇప్పటికీ పూర్తి రక్షణ లేదు.

ఫారంలో అబద్ధం వద్దు

అద్దె దుకాణంలో ముందుగా ఓ ఫారం ఇస్తారు. బరువు, ఎత్తు, వయసు, స్కీయింగ్ ఎలా చేస్తారు... ఇవన్నీ అందులో రాయాలి. వీటికి బూటు అడుగు పొడవుని కలిపి, పట్టిక చూసి ఓ అంకె తేలుస్తారు. దాన్నే 'డిన్' అంటారు. అంకె పెరిగేకొద్దీ బూటు ఊడటానికి ఎక్కువ బలం కావాలి.

మనవాళ్లు ఎక్కువగా తడబడే అవకాశం ఉన్నది ఇక్కడే. అమెరికాలో బరువు పౌండ్లలో అడుగుతారు. డెబ్భై కిలోలంటే సుమారు 154 పౌండ్లు. అలవాటుకొద్దీ 70 అని రాసేస్తే చిన్నపిల్లల లెక్క వచ్చేస్తుంది! సిగ్గుపడి బరువు తగ్గించి రాసినా, గొప్పకి 'నేను వేగంగా వెళ్తా' అన్నా లెక్క తప్పుతుంది. కొత్తవాళ్లు 'మొదటి రకం' అని నిజం ఒప్పుకోవడమే మేలు. యాభై దాటినవారికీ, తొమ్మిదేళ్లలోపు పిల్లలకీ అంకె ఇంకాస్త తగ్గిస్తారు. పిల్లల దగ్గరికి వెళ్లి సరదాపడే అమ్మానాన్నలు వయసు దాచకూడదు మరి!

బూటు మారితే...

'నా బూట్లు బిగుతుగా ఉన్నాయి, నీవి ఇవ్వరా' అని కొండ మీద మార్చుకున్నారంటే బైండింగ్ మళ్లీ సర్దించాల్సిందే. పాదం సైజు ఒకటే అయినా కంపెనీని బట్టి బూటు అడుగు పొడవు మారుతుంది. ఆ పొడవు మిల్లీమీటర్లలో మడమ పక్కన ముద్రించి ఉంటుంది. పొడవుకి తగ్గట్టు మడమ భాగాన్ని ముందుకో వెనక్కో జరపాలి. బూటు పెట్టాక వెనకనుంచి స్ప్రింగు సరిగ్గా నొక్కుతోందో లేదో బైండింగ్ మీది గుర్తు చెబుతుంది. ఆపైన డిన్ అంకె కూడా మార్చాలి. పొడుగు గునపంతో రాయి సులువుగా కదిలినట్టే, అడుగు పొడవైన బూటుకి తక్కువ అంకె సరిపోతుంది.

అడుగు రకమూ ముఖ్యమే. మామూలు స్కీ బూటుకి చదునైన గట్టి అడుగు ఉంటుంది. 'గ్రిప్‌వాక్' రకానికి నడవడానికి వీలుగా కాస్త వంపు, రబ్బరు ఉంటాయి. అన్ని బైండింగ్‌లూ అన్ని రకాలకీ సరిపోవు. సరిపోని జతలో బూటు లోపలికి 'టక్'మని దిగినా, ఊడాల్సినప్పుడు ఊడకపోవచ్చు.

స్క్రూడ్రైవర్ ఉంది కదా అని ఇంట్లో తిప్పడం మంచిది కాదు. ఎంత బలానికి ఊడుతోందో కొలిచే యంత్రం బాగా నడిచే దుకాణాల్లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాటినీ, ఏడాది తర్వాత మళ్లీ తీసినవాటినీ అక్కడ చూపించాలి. ఎదిగే పిల్లలకి ప్రతి సీజన్‌లోనూ కొత్తగా సర్దించాలి. స్కీ తొడిగే ముందు బూటు అడుగున మంచు గీకేయడం మాత్రం మన పనే. అక్కడ గడ్డకట్టిన మంచు లెక్కంతా తారుమారు చేస్తుంది.

గుల్‌మార్గ్, ఔలి వెళ్లి స్కీయింగ్ చేద్దామనుకునేవారికీ ఇవే జాగ్రత్తలు.

కాబట్టి ఈసారి అబ్బాయి మంచు కొండల మాటెత్తితే వట్టి 'జాగ్రత్త'తో సరిపెట్టకండి. 'ఆ బూట్లకే బైండింగ్ సరిచేయించావా?' అని అడగండి. మామిడిపళ్ల వేళకి వాడు రెండు కాళ్ల మీదా నడుచుకుంటూ తోటకి రావాలి కదా!