సాక్షి సంతకానికి ముందు

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోత వానకు గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు కట్ట తెగింది. శంషాబాద్ వైపు సాగే బెంగళూరు రహదారి కోతకు గురైంది. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలూ పోయాయి. మా మద్రసాలో చదివే ఒక బాలుని తండ్రి విమానాశ్రయం వద్ద క్యాబ్ నడిపి కుటుంబాన్ని పోషించేవారు. ఆయన కారు కూడా ఆ రాత్రే నీట మునిగింది.

నెల గడిచాక ఆయన ఒక కాగితంతో మా వద్దకు వచ్చి, "మౌలానా సాహెబ్, ఇక్కడ సాక్షి సంతకం చేయండి" అన్నారు. బీమా సొమ్ము ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి రాయించుకున్న ఒప్పందమది. వచ్చిన మొత్తంలో నాలుగో వంతు అతనిది. సొమ్ము ముందుగా అతని ఖాతాలోనే పడాలి. ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు లేదు. పాలసీ, ఆర్.సి. అసలు ప్రతులు అప్పటికే అతని చేతికి వెళ్లాయి. రెండు తెల్ల కాగితాలపై సంతకాలూ అయిపోయాయి. ఇంటి వద్ద కారు కిస్తు ఆగింది, పిల్లవాని తల్లి నగలు కుదువలో ఉన్నాయి.

మేము సంతకం చేయలేదు. సాక్ష్యం అమానతు. చదవకుండా చేసే సంతకం ఆ అమానతును పోగొట్టడమే. బీమాపై ఉలమాల చర్చ వేరు. మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది కనుక, వాహనం ఉన్న ప్రతి ఇంటికీ ఈ విషయం అవసరమే.

సర్వేయరు వేరు, దళారి వేరు

నష్టాన్ని అంచనా వేసే సర్వేయరుకు బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. లైసెన్సు ఇస్తుంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో ఉన్నది. సర్వేయరును నియమించేది, అతనికి రుసుము చెల్లించేది బీమా కంపెనీయే. మనం పైసా ఇవ్వనక్కరలేదు. అతడు తేల్చిన మొత్తమే అంతిమం కాదని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది.

అమెరికాలో పాలసీదారు పక్షాన అంచనా వేసేవారికి రాష్ట్ర ప్రభుత్వాలు లైసెన్సు ఇస్తాయి. ఫ్లోరిడాలో విపత్తు ప్రకటించినప్పుడు వారి రుసుము 10 శాతం మించరాదు. మన దేశంలో అటువంటి లైసెన్సు ఏదీ లేదు. "క్లెయిమ్ కన్సల్టెంట్" అని బోర్డు పెట్టుకున్నవారికి ఏ రుసుము పరిమితీ లేదు. న్యాయవాదులకైతే ఫలితాన్ని బట్టి వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి.

ఖర్చు లేని మార్గం

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి, రసీదు దాచుకోవాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు సంబంధించిన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను వింటారు. రుసుము లేదు. న్యాయవాదిని గాని, ఏజెంటును గాని వెంట తీసుకువెళ్లే వీలు లేదు. బాధితుడే స్వయంగా చెప్పుకోవాలి. తిరస్కరణ జరిగిన ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం కోర్టులో గాని వినియోగదారుల కమిషన్‌లో గాని ఉండకూడదు. తీర్పు కంపెనీకి శిరోధార్యం. 155255కు ఫోను చేసి కూడా బీమా ఫిర్యాదును నమోదు చేయించవచ్చు.

మధ్యవర్తి తప్పనిసరి అయితే

చదువు రానివారు, ఆసుపత్రి పాలైనవారు ఒకరి సాయం కోరడం తప్పు కాదు. కాని కూలిని పని మొదలు కాకముందే తేటగా నిర్ణయించుకోవాలి. అతని వాటా మొత్తం సొమ్ము మీదనా, అతని శ్రమ వల్ల అదనంగా వచ్చిన దానిపైనా అన్నది రాయించాలి. సొమ్ము పాలసీదారు ఖాతాలోనే పడాలి. అసలు పత్రాలు ఇవ్వరాదు, నకళ్లు చాలు. తెల్ల కాగితంపైన గాని, ఖాళీ డిశ్చార్జి వోచరుపైన గాని సంతకం చేయరాదు. ఓటీపీ చెప్పరాదు. ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతు ఉండాలి. నష్టాన్ని పెంచి చూపుదామని అతడంటే అక్కడే లేచి రావాలి. ఆ అబద్ధం అక్రమార్జన, పైగా న్యాయమైన క్లెయిమునూ పోగొడుతుంది.

రుసుము తీసుకుని మోసగించిన మధ్యవర్తిపై వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షలు మించకుంటే ఫిర్యాదు రుసుము ఉండదు. సహాయానికి 1915 నంబరు ఉన్నది.

ఆ బాలుని తండ్రి మరునాడే, ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లి, తన పత్రాలనూ తెల్ల కాగితాలనూ తిరిగి తెచ్చుకున్నారు. సర్వేయరు తగ్గించిన మొత్తంపై కంపెనీకి ఉత్తరం రాశారు, ఆపై అంబుడ్స్‌మన్ ముందు తానే మాట్లాడారు. కోరినదంతా రాలేదు. వచ్చిన దానిలో మాత్రం ఎవరి వాటా లేదు. ముందు నగలు విడిపించి, తరువాత కారు కిస్తు కట్టారు.

ఇరుగుపొరుగున ఎవరైనా ఇటువంటి కాగితం తెచ్చి సాక్షి సంతకం అడిగితే, సోదరులారా, ముందు వారిని కూర్చోబెట్టి ఆ కాగితాన్ని వారికి పూర్తిగా చదివి వినిపించండి.