1950: హైదరాబాదు సిటీ పోలీసు జట్టు – ఒక ఉపాధ్యాయుని విజయం

జట్టు అనగా నేమో మన గనుల ప్రాంతపు విద్యార్థికి విడమరచి చెప్పవలసిన పని లేదు. భూగర్భంలో ఒకని జాగ్రత్తపై మరొకని ప్రాణం ఆధారపడి ఉంటుంది. పైకప్పుకు దన్ను నిలిపేవాడు ఏమరితే బొగ్గు ఎత్తేవానికి ముప్పు. ఈ సత్యాన్నే పచ్చిక మైదానంలో నిరూపించిన జట్టు ఒకటి మన రాష్ట్ర రాజధానిలో ఉండేది. అదే హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు. 1962 నాటి జకార్తా విజయాన్ని గురించి 2024లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వలన నేటి యువకులు కొంత ఎరుగుదురు. ఆ విజయానికి పునాది పడిన 1950 సంవత్సరాన్ని ఎరిగినవారు మాత్రం తక్కువ. అందుచేత దానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

ఆనాటి పరిస్థితులను ముందుగా గమనించాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1950 జనవరి 26న దేశం గణతంత్రమైంది. గడచిన కాలపు భయాలు, అనుమానాలు జనుల మనస్సుల్లో ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఫుట్‌బాల్ విషయంలోనూ అది అయోమయపు సంవత్సరమే. బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో పాల్గొనే అవకాశం వచ్చినా భారత జట్టు వెళ్ళలేదు. మన ఆటగాళ్ళలో అనేకులు అప్పటికింకా వట్టి కాళ్ళతోనే ఆడేవారు.

అటువంటి సమయంలో సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను సయ్యద్ అబ్దుల్ రహీం స్వీకరించారు. 1909లో జన్మించిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. పిల్లలకు పాఠం చెప్పే ఓర్పుతోనే ఆయన పెద్దలకు ఆట నేర్పారు.

ఆయన బోధనలోని కీలకం ఇది. సాధారణంగా ఆటగాడు బంతిని తన కాలి వద్దనే ఉంచుకొని, ఒకరినీ ఇద్దరినీ తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలని చూస్తాడు. రహీం దీనిని మాన్పించారు. బంతిని వెంటనే తోటివానికి అందించడం, అందించి ఖాళీ చోటికి పరుగెత్తడం అలవాటు చేశారు. బంతితో ఒంటరిగా దూసుకుపోవడాన్ని నిషేధించి, కుడికాలి వాటం గలవారు ఎడమ కాలితోనే తన్నాలని నియమం పెట్టి, యువకులకు ప్రత్యేకమైన పోటీలు నిర్వహించారు. బలహీనమైన కాలికే ఎక్కువ అభ్యాసం! బలహీనుడైన విద్యార్థిపై అధిక శ్రద్ధ చూపే ఉపాధ్యాయునికి తప్ప అన్యులకు ఇట్టి ఆలోచన తట్టదని మేము భావిస్తాము.

ఈ బోధన ఫలితం మొదటి సంవత్సరంలోనే కనిపించింది. 1950లో బొంబాయిలోని రోవర్స్ కప్పు పోలీసు జట్టుకు దక్కింది. 1888లో ప్రారంభమైన డ్యూరాండ్ కప్పు యుద్ధం వలన, దేశ విభజన వలన 1940 తరువాత ఆగిపోయి, ఆ సంవత్సరమే ఢిల్లీలో మరల జరిగింది. అందులో కలకత్తాకు చెందిన సుప్రసిద్ధ మోహన్ బగాన్ జట్టును ఓడించి, స్వతంత్ర భారతంలో ఆ కప్పును మొట్టమొదట గెలిచినవారు మన పోలీసులే. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకొనే దేశం దక్షిణం వైపు తిరిగి చూసింది.

ఇది ఒక్క ఏటి అదృష్టం కాదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు వారిదే. 1954లో డ్యూరాండ్ కప్పును కూడ మరల గెలిచారు. ఈ జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ 1952 హెల్సింకి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో దేశం తరఫున ఆడారు. రహీం శిక్షణలో భారతదేశం 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణాన్ని గెలిచింది, మెల్బోర్న్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి మరల స్వర్ణం సాధించింది. అప్పటికే క్యాన్సర్ వ్యాధిగ్రస్తులైన ఆ గురువు 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆ ఆటగాళ్ళు నేటి వృత్తి క్రీడాకారుల వలె లక్షలు గడించినవారు కారు. ఆట వలన వారికి లభించినది పోలీసు ఉద్యోగం, నెల జీతం. ఆ భద్రతే జట్టును ఏళ్ళ తరబడి చెదరకుండ నిలిపింది. మన ప్రాంతంలో సింగరేణి సంస్థ నిర్వహించే కార్మిక క్రీడల వెనుక కూడ ఇటువంటి ఆలోచనే ఉన్నది. ఉదరపోషణకు ఆధారం ఉన్ననాడే పేదవాని బిడ్డ ఆటపై మనసు నిలుపగలడు.

మరి ఆ వైభవం ఏమైంది? ప్రతిభ గలవారిని కలకత్తా జట్లు ఆకర్షించాయి. సికింద్రాబాదు బిడ్డడైన తులసీదాస్ బలరాం వంటి మేటి ఆటగాడు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో జట్టు 1960 తరువాత కూడ కొన్ని విజయాలు సాధించినా, రహీం అనంతరం క్రమంగా వెనుకబడింది. మా దృష్టిలో అసలు లోపం ఒక్కటే. ఒక్క వ్యక్తిలో ఉన్న విద్య అనేకులలోనికి తగినంతగా ప్రవహించలేదు. గురువు ఎంతటివాడైనా, ఆయన వెనుక గురువుల వరుస ఏర్పడనినాడు విద్య ఆయనతోనే అస్తమిస్తుంది.

విద్యార్థులారా, కప్పులు అద్దాల బీరువాలలో నల్లబడిపోతాయి. నేర్చినదానిని మరొకరికి నేర్పినప్పుడే అది మిగులుతుంది. మీలో ఆడేవారు బంతిని మీ వద్దనే ఉంచుకొనక తోటివానికి అందించండి. చదివేవారు చదువును సైతం అట్లే అందించండి. 1950 నాటి ఆ జట్టును స్మరించడానికి ఇంతకంటె మంచి మార్గం మాకు తోచలేదు.