కనుమ విందులో విస్తరికొక కాడైపిట్ట

భోగి, సంక్రాంతి దినాలు పొంగలితోనూ పిండివంటలతోనూ సాఫీగా గడచిపోతాయి. ఇంటి ఇల్లాలికి అసలు పరీక్ష కనుమనాడు ఎదురవుతుంది. మాంసాహారుల ఇళ్లలో ఆనాడు మినపగారెలతోపాటు మాంసం ఉండి తీరాలన్నది అటు నగరి, పుత్తూరు మొదలుకొని ఇటు తామరైపాక్కం, పెరియపాళయం వరకు మన తెలుగు కుటుంబాల ఆనవాయితీ. కొత్తల్లుడు వచ్చిన సంవత్సరమైతే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు నాటుకోడిని కోయడమే గొప్ప మర్యాద. ఇప్పుడు ఆదివారం వస్తే కోడికూర వండని ఇల్లు అరుదు గనుక, ఆ మర్యాదకు మునుపటి విలువ లేదు. అందుచేతనే కొన్నేళ్లుగా మన ప్రాంతంలో విస్తరికొక నిండు పిట్టను కాల్చి వడ్డించే ముచ్చట మొదలైంది. ఆ పిట్ట పేరు కాడై.

ముచ్చట మంచిదే గాని, ఇందులో ఒక చిక్కు ఉంది. కూరలో ఒక ముక్క గట్టిపడితే పులుసు దానిని కాపాడుతుంది. విస్తరి నడుమ ఒంటరిగా కూర్చున్న పిట్ట ఎండిపోతే దానిని కాపాడేది ఏదీ లేదు. మా ఇంట మొదటిసారి ఈ వంట చేసిన రాత్రి జరిగినది అదే. కోడికి పట్టినంతసేపు, అంటే ముప్పావుగంట, పొయ్యి సెగలో ఉంచాము. చూడడానికి ఎర్రగా, నిగనిగలాడుతూనే ఉన్నాయి. వచ్చిన బంధువు రెండు పోగులు నోట వేసుకొని, మిగిలిన పిట్టను మర్యాదగా అరిటాకు మడతలోకి నెట్టివేశారు. ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ కలిగించింది. తప్పు మసాలాలో లేదని, దుకాణంలో తోలు తీయించిన క్షణంలోనే మొదలైందని గ్రహించడానికి మరి రెండు మూడు పండుగలు పట్టింది.

ముందుగా పేరు సంగతి. తమిళులు కాడై అంటారు. తెలుగు పత్రికలు కౌజుపిట్ట అని వ్రాస్తున్నాయి. పూరేడు పిట్ట అన్న మాట కూడా మన పల్లెల్లో ఉంది. సంతలో మాత్రం కాడై అంటేనే పని జరుగుతుంది గనుక ఇక్కడ ఆ మాటనే వాడుతున్నాము. ఈ పేర్లన్నీ మొదట పొలంగట్ల వెంట, సజ్జచేలలో తిరిగే అడవిపిట్టలవి. ఆ పిట్టలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరమే. రోడ్డు పక్కన ఎవరైనా బుట్ట తెరచి, “ఇది ఫారం పిట్ట కాదు, అసలైన కాడు కాడై” అని గుసగుసలాడితే అది రుచికి ప్రశంస కాదు, చట్టాన్ని అతిక్రమించమన్న ఆహ్వానం. పండుగ విందును అటువంటి పిట్టతో మొదలుపెట్టవద్దు.

మనం వండుకోదగినది జపాన్ కాడై. ఈ జాతిని 1974లో కాలిఫోర్నియా నుండి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధనశాలకు తెప్పించారు. దేశమంతటా ఫారాలలో పెరుగుతున్న పిట్టలు ఆ ప్రవేశంతో వ్యాప్తిలోకి వచ్చినవే. మనకు దగ్గరలోని మాధవరంలో ప్రధాన కార్యాలయం ఉన్న తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నందనం, నామక్కల్ పేర్లతో ఇందులో మేలురకాలను వృద్ధి చేసింది. గుడ్డు పొదిగించిన 17, 18 రోజులకు పిల్ల బయటికి వస్తుంది. ఐదారు వారాలకే కోతకు సిద్ధమవుతుంది. అప్పటికి బరువు రమారమి 180 నుండి 200 గ్రాములు. శుభ్రం చేసిన తరువాత 130 గ్రాముల ప్రాంతంలో మిగులుతుంది. గారెలు, అన్నం, పులుసు ఉన్న విందులో మనిషికి ఒకటి సరిపోతుంది. పిట్టే ప్రధానమనుకుంటే రెండు లెక్కించుకోవాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు నవంబరు పండుగకు కార్నిష్ గేమ్ హెన్ అనే చిన్నకోడిని ఇదే విధంగా పళ్లానికొకటి కాల్చి పెట్టుకుంటారు. పేరులో వేట ఉంది గాని అది వేటపక్షి కాదు. పెట్ట అన్న మాట ఉన్నా పెట్టే కావాలన్న నియమమూ లేదు. లేత వయసులో కోసిన మామూలు కోడిజాతి పిట్ట మాత్రమే. దాని బరువు అరకిలోకు పైనే ఉంటుంది గనుక, వాళ్లు ఫోనులో చెప్పే గంటసేపటి లెక్కను మన కాడైకి అన్వయించరాదు. మా మొదటి పొరపాటుకు ఇటువంటి లెక్క కూడా కొంత కారణం.

ఇక కొనుగోలు. మన సంతలలో కాడైని ఈకలు పీకి ఇవ్వరు. పీకడం ఓపికతో కూడిన పని గనుక, తోలుతోసహా ఒక్క లాగుతో ఊడదీసి ఇస్తారు. పులుసుకు, నూనెలో వేపుడుకు అది చాలు. సెగపై కాల్చడానికి మాత్రం చాలదు. ఈ పిట్టకు ఒంట కొవ్వు తక్కువ, ఉన్న కాస్తా తోలు కిందనే ఉంటుంది. తోలు పోతే కొవ్వూ పోతుంది, సెగకు మాంసం నేరుగా తగిలి నీరంతా ఆవిరైపోతుంది. కనుక రెండురోజుల ముందే దుకాణదారుకు చెప్పి, తోలు ఉంచి ఈకలు మాత్రమే తీయించుకోవాలి. పండుగనాటి రద్దీలో అడిగితే విసుక్కుంటారు, విసుక్కోవడంలో తప్పు లేదు కూడా. ఇంటిలోనే ఈకలు తీయదలచితే మరిగే నీరు పనికిరాదు, పలుచని తోలు చిరిగిపోతుంది. 55 డిగ్రీల ప్రాంతం వేడినీటిలో అరనిమిషం ముంచి, ఈక వాలిన దిశలోనే మెల్లగా లాగాలి.

ప్రాణంతో ఉన్న చురుకైన పిట్టలనే ఎన్నుకొని ఎదుట కోయించుకోవడం మేలు. తూగుతున్న పిట్టను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోరాదు. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మాంసం లోపలిదాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే ఆ క్రిమి నశిస్తుంది. అయితే పచ్చిమాంసాన్ని ముట్టుకున్న చేతులు, కత్తిపీట వేరే సంగతి. వాటిని సబ్బుతో కడుక్కోవాలి. పిట్టలను ధారగా విడిచిన కొళాయి కింద ఎగజిమ్మేలా కడగడం కంటె గిన్నెలోని నీటిలో ముంచి తీయడం శ్రేయస్కరం.

ఇప్పుడు ఉప్పునీరు. ఈ వంటలో అసలు కిటుకు ఇదే, మసాలా కాదు. ఆరు పిట్టలకు లీటరు నీరు, 50 గ్రాముల ఉప్పు, చిన్న బెల్లంముక్క కలిపి, కరిగాక పిట్టలను ముంచి ఫ్రిజ్‌లో ముప్పావుగంట ఉంచండి. ఉప్పు మాంసంలోనికి చేరి, అందులోని మాంసకృత్తులను కొంత సడలిస్తుంది. అటువంటి మాంసం వేడి తగిలినా తన నీటిని సులువుగా వదలదు. ముప్పావుగంట దాటితే మాత్రం ఇంత చిన్నపిట్ట ఉప్పగా మారుతుంది. బయటికి తీసి, బట్టతో తడి అద్ది, మూత పెట్టకుండా రెండు గంటలు ఫ్రిజ్‌లోనే ఆరనివ్వాలి. తడితోలు ఉడుకుతుందే గాని ఎర్రబడదు.

మసాలా మన ఇంటిదే. ఆరు ఎండుమిరపకాయలు నానబెట్టి, రెండు చెంచాల ధనియాలు, చెంచాడు మిరియాలు, అరచెంచా చొప్పున జీలకర్ర, సోపు దోరగా వేయించి, ఎనిమిది చిన్న ఉల్లిపాయలు, అన్నే వెల్లుల్లి రేకలు, అంగుళం అల్లంతో కలిపి రోట్లో మెత్తగా నూరుకోవాలి. పసుపు, రెండు చెంచాల గట్టిపెరుగు, రెండు చెంచాల వేరుశనగ నూనె చేర్చండి. ఉప్పు వేయనక్కరలేదు, పిట్టలో ఇదివరకే ఉంది. నూరిన ముద్దలో సగం రొమ్ము మీది తోలు కిందికి వేలితో మెల్లగా చొప్పించాలి. పైపైన పూసింది సెగకు మాడుతుంది, తోలు కింద చేరింది మాంసానికి అంటుతుంది. నిమ్మరసం, పచ్చిబొప్పాయి ముద్ద ఈ దశలో వద్దు. ముదురు కోడికి అవి సాయపడతాయేమో గాని, ఐదువారాల లేతపిట్టను పిండిపిండిగా చేస్తాయి. బండ్ల మీది వేపుళ్లలో కనిపించే ఎర్రరంగు పొడి గురించి చెప్పేదేమీ లేదు. మంచి మిరపకాయ దొరికే ప్రాంతంలో దాని అవసరం ఏమిటో ఈ రచయితకు అర్థం కాలేదు.

కడుపులో ఒలిచిన ఉడికిన కాడైగుడ్డు ఒకటి, కాసింత కరివేపాకు పెట్టవచ్చును. విప్పినప్పుడు పిల్లలు సంతోషిస్తారు. అంతకుమించి కూరితే లోపలిది ఉడికేసరికి వెలుపలిది ఎండుతుంది. కాళ్లు రెండూ దారంతో కట్టివేస్తే పిట్ట ఆకారం చెదరదు.

కరెంటు ఒవెన్ ఉన్నవారు దానిని 220 డిగ్రీలకు పెట్టి పావుగంట ముందుగా వేడెక్కనివ్వాలి. పిట్టలను ఒకదానికొకటి తగలకుండా, రొమ్ము పైకి ఉండేలా తీగల జల్లెడమీద అమర్చి, కింది పళ్లెంలో గ్లాసెడు నీరు పోయండి. కారిన కొవ్వు మాడి పొగ రాకుండా ఆ నీరు కాపాడుతుంది. పది నిమిషాలకు పళ్లేన్ని అటుదిటు తిప్పి, తోలుమీద నెయ్యి రాయాలి. మొత్తం 18 నుండి 20 నిమిషాలు చాలు. చిన్నపిట్టకు సెగ ఎక్కువ, సమయం తక్కువ ఉండాలి. సెగ తగ్గించి ఎక్కువసేపు ఉంచుదామన్న జాగ్రత్తే దీనికి శత్రువు.

ఒవెన్ లేదని చింతించనక్కరలేదు. మందపాటి ఇనుప మూకుడులో మూడు చెంచాల నువ్వులనూనె కాచి, పిట్టను రొమ్మువైపు రెండు నిమిషాలు, తక్కిన పక్కలు రెండేసి నిమిషాలు ఎర్రబరచాలి. తరువాత మంట తగ్గించి, బరువైన మూతపెట్టి, నడుమ ఒకసారి తిప్పుతూ 12 నిమిషాలు మగ్గనివ్వాలి. కట్టెలపొయ్యి ఉన్న ఇళ్లలో మూతమీద నాలుగు నిప్పుకణికలు వేసేవారు. పైనుంచీ కిందనుంచీ ఒకేసారి సెగ తగిలే ఆ పద్ధతి నేటి ఒవెన్‌కు ఏ విధంగానూ తీసిపోదు. చివర మూత తీసి రెండు నిమిషాలు పెద్దమంట మీద ఉంచితే తోలు కరకరలాడుతుంది.

ఎంత చెప్పినా తోలుతీసిన పిట్టలే చేతికి వస్తే? అరటాకును మంటమీద వాడ్చి, నెయ్యి రాసి, మసాలా పట్టించిన పిట్టను అందులో పొట్లంగా చుట్టి 14 నిమిషాలు ఒవెన్‌లో ఉంచండి. పోయిన తోలు పనిని ఆకు చేస్తుంది. తరువాత విప్పి మూడు నిమిషాలు మాత్రమే పైసెగ చూపాలి. తోలున్న పిట్ట రుచి రాదు గాని, ఆకు మడతలోకి నెట్టవలసిన దుస్థితీ రాదు.

ఉడికినదో లేదో రంగును చూసి తేల్చరాదు. కాడైమాంసం స్వభావరీత్యానే కోడిమాంసం కంటె ముదురు రంగు. బాగా ఉడికినా ఎముక దగ్గర కొంత గులాబిఛాయ ఉండవచ్చును. తొడను పట్టి ఆడిస్తే కీలు వదులుగా కదలాలి. తొడ మొదట సన్నని పుల్లతో గుచ్చితే వచ్చే రసం ఎర్రగా గాక తేటగా ఉండాలి. వంటింటి ఉష్ణమాపకం ఉంటే తొడ లోపల 74 డిగ్రీలు చూపిన వెంటనే దింపివేయాలి. దింపిన పిట్టను అయిదు నిమిషాలు కదపవద్దు. ఆ వ్యవధిలో రసం మాంసంలో సర్దుకుంటుంది. వెంటనే తుంచితే పళ్లెం తడుస్తుంది, పిట్ట పొడిబారుతుంది.

ఎనిమిదిమంది అతిథులుంటే ఒక్కసారిగా అన్నీ పట్టవు. మొదటి వాయిని 15 నిమిషాలకే తీసి పక్కనుంచి, రెండో వాయి పూర్తి కాగానే మొదటివాటిని తిరిగి అయిదు నిమిషాలు పెట్టి, కీలును, రసాన్ని మళ్లీ చూసుకొని దింపాలి. రెండు వాయిల నడుమ అరగంటకు మించనివ్వరాదు. గారెలు వేగుతున్న సమయంలోనే ఈ పని సాగితే అన్నీ వేడిగా విస్తరిలోకి చేరతాయి. పళ్లెంలో చేరిన రసాన్ని వృథా చేయవద్దు. తరిగిన చిన్న ఉల్లిపాయలు, మిరియాలపొడి వేసి చిక్కబడేదాకా మరిగించి, గారెల పక్కన వడ్డించవచ్చును. నిమ్మచెక్క ఇప్పుడు పిండుకోవాలి.

తినేటప్పుడు చాకు, ఫోర్కు దగ్గరికి రానీయరాదు. ఎముకలు సన్నం, తొడనుండి చేత్తోనే విడదీయాలి. చిన్నపిల్లలకు మాత్రం ఎముక తీసి పెట్టండి. తిన్న తరువాత మిగిలే రొమ్ముగూళ్లను, మెడలను విడిగా ఒక గిన్నెలోకి చేర్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ముక్కనుమనాడు వాటిని దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లితో అరగంట మరిగించి వడకట్టి, కాస్త చింతపండు రసం కలిపితే, మూడురోజుల పిండివంటలతో అలసిన నోటికి పనికివచ్చే చారు సిద్ధమవుతుంది.