కల్లు రుచికి నాలుకే కొలబద్ద

చోడవరం: బీరు తాగి మార్కులు వేసేవారు ఉన్నారంటే పల్లెల్లో నవ్వుతారు. కానీ అది నిజం. అమెరికాలో 1985లో మొదలైన పద్ధతి ప్రకారం శిక్షణ పొందిన న్యాయనిర్ణేతలు ఒక్కో బీరుకు 50 మార్కులకు లెక్క కడతారు. రుచికి 20, వాసనకు 12, నోటికి తగిలే చిక్కదనానికి 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. కంటికి కనిపించే రంగుకు, నురగకు కలిపి 3 మార్కులే.

ఇదే పని చోడవరం చుట్టుపక్కల తాటితోపుల్లో కాగితం, కలం లేకుండా తరతరాలుగా సాగుతోంది. ఇక్కడ సరుకు కల్లు. లొట్టి దించగానే మొదట వాసన, ఆ తర్వాత ఒక గుక్క. అంతటితో గీత పనివాడు కల్లు గుణం చెప్పేస్తాడు.

మూడు చెట్లు - మూడు రుచులు

బీరులో లాగర్, ఏల్, స్టౌట్ అని రకాలున్నట్టే కల్లులోనూ రకాలున్నాయి. చలికాలంలో ఈతకల్లు. ఈతచెట్టుకు మొవ్వు దగ్గర మానునే చెక్కుతారు. ఏటేటా చెక్కిన గాట్లు మాను మీద మెట్లలా నిలిచిపోతాయి. ఎండలు ముదిరేసరికి తాటికల్లు వస్తుంది. దీనికి మాను జోలికి పోరు, గెల కొసను రోజూ పల్చగా కోస్తారు. పోతుతాడి గెలను గీసే తీరు వేరు, పండుతాడి గెలను గీసే తీరు వేరు. మాడుగుల దాటి పాడేరు ఘాటీ ఎక్కితే జీలుగు కల్లు దొరుకుతుంది. మన్యంలో పండుగైనా, పెళ్లయినా జీలుగు కల్లు ఉండాల్సిందే.

గంటకో గుణం

చెట్టు నుంచి కారే రసంలో దాదాపు పదో వంతు చక్కెరే. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా నిలుస్తుంది. సున్నం లేకపోతే గాలిలోనూ, లొట్టి గోడలకూ అంటి ఉన్న ఈస్టు వెంటనే పని మొదలుపెడుతుంది. కొద్ది గంటల్లోనే చక్కెర సారాగా మారి నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. మామూలు బీరులో ఉండేదీ సుమారు అంతే.

తేడా ఆ తర్వాత వస్తుంది. బీరు చేసేవారు బార్లీ రసాన్ని మరిగించి, చేదు కోసం హాప్స్ పువ్వు వేసి, ఎంచుకున్న ఈస్టును కలుపుతారు. పులియడం ముగిశాక సీసాలో బిగిస్తారు. కల్లుకు ఆ కట్టడి లేదు. తెల్లవారుజామున దించినది తియ్యన, పొద్దెక్కితే పులుపు తగిలిన ఘాటు, సాయంత్రానికి పులుపే పైచేయి. మర్నాటికి అది వెనిగర్ దారి పడుతుంది. చాలా రకాల బీర్లలో ఆ పులుపు కనబడితే మార్కులు కోస్తారు. కల్లులో మాత్రం లొట్టి దించి ఎంతసేపయిందో చెప్పేది ఆ పులుపే. అందుకే ఎరిగినవారు కల్లు ఎలా ఉందని అడగరు, ఎప్పుడు దించారని అడుగుతారు.

కడగని లొట్టి మరో చిక్కు. అడుగున మిగిలిన పాత కల్లు కొత్త రసాన్ని తొందరగా పులిపించేస్తుంది. అలవాటు పడిన నాలుక దీన్ని ఇట్టే పడుతుంది. నీళ్లు కలిపితే చప్పదనం, శాకరిన్ కలిపితే నాలుక చివర వదలని తీపి. ఇవీ దాగవు.

నాలుకకు చిక్కనిది

నాలుకకు అందని మోసం ఒకటుంది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కొద్దిపాటిగా కలిపితే ఎంత అనుభవజ్ఞుడైనా రుచిని బట్టి చెప్పలేడు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అటువంటి సరుకును పట్టేది ప్రయోగశాల ఒక్కటే.

చెట్టు కింద కల్లుకు ఉన్న భరోసా మనిషే. ఏ చెట్టుదో, ఎవరు దించారో తాగేవాడి కళ్లకు కనిపిస్తుంది. చెట్టుకూ తాగేవాడికీ నడుమ చేతులు పెరిగేకొద్దీ ఆ భరోసా తరుగుతుంది.

ఆ మనిషే ఇప్పుడు కరువవుతున్నాడు. మోకు, కత్తి పట్టుకుని రోజుకు రెండుసార్లు చెట్టెక్కాలి. పట్టు జారితే ప్రాణం పోతుంది, లేదా నడుం విరిగి మంచాన పడాలి. తండ్రి ఎక్కిన చెట్టు ఎక్కడానికి కొడుకు ఇష్టపడకపోతే తప్పు పట్టలేం. కానీ ఆ కొడుకు దిగివచ్చేది చెట్టు నుంచి మాత్రమే కాదు. ఏ లొట్టి తాగదగినదో, ఏది పారబోయవలసినదో గుక్కతో తేల్చే తండ్రి విద్య కూడా ఆయనతోనే పోతుంది. బీరు న్యాయనిర్ణేతకు పరీక్షలున్నాయి, పుస్తకాలున్నాయి. గీత పనివాడికి ఉన్న బడి ఆ చెట్టు ఒక్కటే.